మర్యాద తెలిసిన అద్దం

సింగపూర్‌లోని మా బుకిట్ పంజాంగ్ ఎల్‌ఆర్‌టీకి డ్రైవరుండడు, సిగ్గుంటుంది. 1999 నుంచీ అపార్ట్‌మెంట్ల మధ్యలోంచే తిరుగుతున్న ఈ రైలు, ఇళ్లకు మరీ దగ్గరగా రాగానే కిటికీ అద్దాలను తనంతట తనే మసక చేసుకుంటుంది. ఎవరి వంటింట్లో ఏం మాడుతోందో మన కంటపడకూడదని. బ్లాకు దాటాక మళ్లీ ఆకాశం, చెట్లు. ఇంత మర్యాదస్తురాలిని సెన్సారు కుర్చీలో కూర్చోబెట్టరేం అనుకునేవాణ్ణి. ఎప్పుడో కూర్చోబెట్టేశారట.

టాన్ పిన్ పిన్ 2013లో ‘టు సింగపూర్, విత్ లవ్’ అని 70 నిమిషాల డాక్యుమెంటరీ తీసింది. 1960, 70లలో దేశం వదిలిపోయి తిరిగి రాలేని ముసలివాళ్లు లండన్‌లో, థాయ్‌లాండ్‌లో కూర్చుని పుట్టిన ఊరిని తలుచుకుంటారు. 2014 సెప్టెంబరులో అధికారులు అది దేశభద్రతకు ముప్పని తేల్చి, ఏ వయసువారికీ చూపరాదని రేటింగిచ్చారు. అరవై ఏళ్లవాడికీ ఇంకా ఊహ తెలియలేదన్నమాట! జనం ఆ నెలలోనే బస్సులు కట్టించుకుని మలేషియాలోని జొహోర్ బారు వెళ్లి చూసొచ్చారు. మా ఊరి మీదుగా పోయే 170 నంబరు బస్సు దిగేదీ ఆ జొహోర్‌లోనే. సరిహద్దు కాజ్‌వేకి ఇవతల ముప్పు, అవతల సినిమా.

2018 జనవరిలో ‘రేడియెన్స్ ఆఫ్ రెసిస్టెన్స్’ వంతు. ఇద్దరు పాలస్తీనా ఆడపిల్లల కథ. ఏకపక్షంగా ఉందని ఆపేశారు. తుపాకీకి కూడా సగం నిడివి ఇచ్చుంటే పోయేది.

సర్కారును ఇలా ఏకిపారేశాక నాకు చాలా ఉత్సాహం వచ్చింది. ఆమధ్య ఓ శనివారం నాలుగు తెలుగు కుటుంబాలను పిలిచి బిర్యానీ పెట్టి, ఆ పాలస్తీనా పిల్లల సినిమా ప్రస్తావన తెచ్చాను. “ఎంత ఘోరం బ్రదరూ!” అన్నాడు మిత్రుడు, రైతా కలుపుకుంటూ. మాట వివక్ష మీదికి మళ్లి, ‘నో ఇండియన్స్’ అని అద్దె ప్రకటనలో రాసిన ఇంటి ఓనరును ఆయన అరగంట శపించాడు. మేమంతా తలో చేయీ వేశాం.

ఊపు మీదున్నారు కదా అని దీపా ధన్‌రాజ్ 2018లో తీసిన ‘వీ హావ్ నాట్ కమ్ హియర్ టు డై’ పెట్టాను. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల గురించి, క్యాంపస్‌లో కులవివక్ష గురించి. గుంటూరు కుర్రాడు. సబ్‌టైటిల్స్ అక్కర్లేని మనిషి. పది నిమిషాలు కాలేదు, రిమోట్ మిత్రుడి చేతిలోకి వెళ్లింది.

“పిల్లలున్నారు బ్రదరూ. అయినా ఇప్పుడు క్యాస్ట్ ఎక్కడుంది?”

ఆయన ఫోను టీపాయ్ మీదే వెలుగుతోంది. మధ్యాహ్నం గ్రూపులో పెట్టిన అద్దె మెసేజీకి ఎవరో జవాబిచ్చినట్టున్నారు: ‘కామన్ రూమ్ ఖాళీ. ప్యూర్ వెజ్. మనవాళ్లయితే బెటర్.’ నా ఇంట్లో చికెన్ బిర్యానీ రెండోసారి వడ్డించుకున్న చేత్తోనే టైపు చేసిన మెసేజీ.

రాత్రి వాళ్లను సాగనంపడానికి ఎల్‌ఆర్‌టీలో బంగ్కిట్ దాకా వెళ్లాను. మలయ్‌లో ఆ మాటకి ‘లేవడం’ అని అర్థం. బ్లాకుల పక్కకు రాగానే అద్దాలు తెల్లబడ్డాయి. మిత్రుడు పిల్లాణ్ణి ఎత్తుకుని చూపించాడు.

“చూశావా నాన్నా, ఏం టెక్నాలజీ!”