సభ్యులు ఎనిమిది, ప్రేక్షకులు తొమ్మిది

దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంస్థ, అంటే మన సార్క్, చచ్చిపోయిందని గిట్టనివాళ్ళు పుకార్లు పుట్టిస్తున్నారు. శుద్ధ అబద్ధం. ఖాట్మండులో దానికి ఆఫీసుంది, సెక్రటరీ జనరల్ ఉన్నారు, డిసెంబరు 8 రాగానే పుట్టినరోజు కూడా వస్తుంది. లేనిదల్లా సమావేశం ఒక్కటే. చివరి శిఖరాగ్రం 2014 నవంబరులో జరిగింది. తర్వాతిది 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది. కశ్మీర్‌లో ఉరీ సైనిక శిబిరంమీద ఉగ్రదాడి తర్వాత మన దేశం రానంది, మరికొన్ని దేశాలూ మనవెంటే నడిచాయి. కాగితాల ప్రకారం అది రద్దు కాలేదండోయ్, వాయిదా పడింది! ఆ చివరి శిఖరాగ్రం నుంచీ అధ్యక్ష పదవి నేపాల్ దగ్గరే ఉండిపోయింది. అక్కడ ప్రధానులు మారుతున్నారు, పదవి దిగిపోదామంటే పుచ్చుకునేవాళ్ళే లేరు.

1985లో ఢాకాలో కూర్చుని చార్టర్ రాసిన పెద్దల ముందుచూపుకి దణ్ణం పెట్టాలి. ఒకటి, ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకుంటేనే. రెండు, ఇద్దరి మధ్య తగాదాలూ వివాదాలూ ఇక్కడ ఎత్తకూడదు. గట్టు తగాదా కోర్టులో నలుగుతున్న అన్నదమ్ములు పెళ్ళిపందిట్లో పక్కపక్కన కూర్చుని పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అని చర్చించుకునే ఏర్పాటన్నమాట. ఏడాదికోసారైనా కలవాలని కూడా ఆ చార్టర్లోనే రాసుకున్నారు. 29 ఏళ్ళలో 18 సార్లు కలిశారు. మొహాలు చూసుకోవడం ఇష్టంలేనివాళ్ళకి ఇది తక్కువేం కాదు.

వ్యాపారం సంగతికొస్తే, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2006 నుంచీ అమల్లో ఉంది. పన్నులు తగ్గిస్తామన్నారు, తగ్గించకూడని సరుకుల జాబితాలు కూడా వెంటనే తయారుచేసుకున్నారు. ఆగ్నేయాసియా దేశాలు తమ వ్యాపారంలో దాదాపు నాలుగోవంతు తమలో తాము చేసుకుంటాయి. మన దగ్గర అది 5 శాతం దగ్గరే తచ్చాడుతోంది. పొరుగువాడి సరుకంటే మనకి వెగటని కాదు. వాఘా గేటు దాటలేని సరుకు దుబాయ్ చుట్టొస్తే 2025 దాకా నిక్షేపంగా కొనుక్కున్నాం. కిరాయి ఎక్కువైనా పౌరుషం మిగిలింది కదా.

లారీలు సరిహద్దులు దాటేందుకు 2014లో ఒక ఒప్పందం సిద్ధం చేస్తే పాకిస్తాన్ ఇంకా తయారుగా లేనంది. సరే, నేలమీద కుదరనిది ఆకాశంలోనైనా కుదురుతుందని 2017 మేలో మన శ్రీహరికోట నుంచి ఉపగ్రహం పంపాం. దాని పేరు మొదట సార్క్ ఉపగ్రహం. పాకిస్తాన్ అందులోనూ చేరనంది కాబట్టి దక్షిణాసియా ఉపగ్రహమైంది.

అడ్డం పాకిస్తానే అయితే దాన్ని పక్కనపెడితే సరి అనుకునేవాళ్ళకి బంగాళాఖాతం పేరుమీద ఏర్పడ్డ కూటమి బిమ్స్‌టెక్ ఉంది. మన దేశానికి ఈ మధ్య దానిమీదే మోజు. అందులో పాకిస్తాన్ లేదు. 1997లో పుట్టిన ఆ సంస్థకి 2022లో చార్టర్ కుదిరింది. పాకిస్తాన్ సాయం లేకుండానే పాతికేళ్ళు ఆలస్యం చేయగలమని నిరూపించాం.

సార్క్‌లో సభ్యదేశాలు ఎనిమిది. అమెరికా, చైనా, జపాన్, యూరోపియన్ యూనియన్ వగైరా పరిశీలకులు తొమ్మిది. ఆడేవాళ్ళకంటే చూసేవాళ్ళు ఎక్కువ. ఆట మొదలవకపోయినా వాళ్ళు లేచి వెళ్ళకపోవడం వాళ్ళ మర్యాద.

సామాన్యుడికి ఒరిగిందేమిటంటారా? 1992 నుంచి సార్క్ వీసా మినహాయింపు పథకం ఉంది. 24 కోవలవాళ్ళకి వర్తిస్తుంది: జడ్జీలు, ఎంపీలు, పెద్ద అధికారులు, వ్యాపారులు, విలేకరులు, ఆటగాళ్ళు... సామాన్యుడు పాతికోవాడు. పోనీ, పెద్దలకైనా మిగిలిందా అంటే, 2025 ఏప్రిల్లో పహల్గాం దాడి తర్వాత భారత్, పాకిస్తాన్ ఒకరివాళ్ళకి ఒకరు దాన్నీ ఆపేశాయి.

ఆ పాతికోవాడు మనకి తెలియనివాడేం కాదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు తమ జలాల్లోకి వచ్చారని పాకిస్తాన్ పట్టుకుపోయింది. వాళ్ళు వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి. ఇలా దొరికిన పాకిస్తాన్ జాలర్లు మన జైళ్ళలోనూ ఉంటారు. ఎవరి దగ్గర ఎవరి మనుషులున్నారో తెలిపే జాబితాలను 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. యుద్ధవాతావరణం ఉన్నా, రాయబారుల్ని వెనక్కి పంపేసినా తేదీ తప్పదు. ప్రాంతీయ సహకారం లేదన్నదెవరు? ఖైదీల లెక్క దగ్గర దివ్యంగా ఉంది.

అయ్యా, పందొమ్మిదో శిఖరాగ్రం ఎప్పుడు జరిగినా సరే, ఒక్క తీర్మానం చేయండి. దారితప్పి వచ్చిన పడవను, మనుషుల్ని పట్టుకున్నవాళ్ళే సముద్రంమీదే వెనక్కి తిప్పి పంపాలి. అదీ చేతకాదంటే డిసెంబరు 8న శుభాకాంక్షలు చెప్పుకోవడం మానేయండి.