ప్లెయిన్స్‌బరోలో ఆలీభాయ్

తెలుగు నగర యాక్షన్ థ్రిల్లర్‌కు పెద్ద సరంజామా అక్కర్లేదు. నగరాన్ని గడగడలాడించే ఒక భాయ్, అతని డబ్బు తినే పోలీసు, ఆ పోలీసు కన్నుపడిన పేదింటి అమ్మాయి, ఎవరికీ లొంగని ఒక జులాయి ఉంటే చాలు. ఆ జులాయి అసలెవరో మాత్రం చివరిదాకా చెప్పకూడదు. ఇవన్నీ ఒకే చోట చక్కగా కుదిరిన సినిమా 2006 ఏప్రిల్ 28న విడుదలైన 'పోకిరి'. దర్శకుడు పూరి జగన్నాథ్, నాయకుడు మహేశ్‌బాబు, రంగస్థలం హైదరాబాద్.

ఇలాంటి సినిమాలకు న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఏనాడూ గిరాకీ తగ్గదు. ప్రిన్స్‌టన్‌ను ఆనుకుని, రూట్ 1 పక్కన ఉన్న ఈ టౌన్‌షిప్ 1919లో ఏర్పడింది. ఇప్పుడు జనాభా 24 వేల చిల్లర. ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్ అని అపార్టుమెంట్ల పేర్లలో నక్కలూ వేటగాళ్లూ తిరుగుతున్నా, లోపల కాపురం ఉండేవాళ్లలో ఐటీ ఉద్యోగులు దండిగా ఉంటారు. వాళ్ల వెంట పిల్లలు, ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు. ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి న్యూయార్క్ వెళ్లొచ్చిన మనిషి రాత్రి సోఫాలో చేరగిలబడి హైదరాబాద్‌లో శవాలు లెక్కపెట్టుకుంటాడు. తప్పు పట్టడానికి లేదు. అక్కడ రోడ్డుకు అడ్డంగా నిలబడి కళ్లలోకి చూసేది జింక. గుంపుగా వచ్చి దారి కాసేది కెనడా బాతులు. ఆ మాత్రం యాక్షన్‌తో తెలుగు ప్రాణం నిలవదు.

ఈ సినిమాలు నడిచేది మూసపాత్రల మీదే. మూసపాత్ర వల్ల లాభం లేకపోలేదు. విలన్ చెడ్డవాడని నమ్మించడానికి మామూలుగా నాలుగు సన్నివేశాలు రాయాలి. మూస ఉంటే ఒక పేరు, ఒక యాస, కళ్లకింద కాస్త కాటుక సరిపోతాయి. నిర్మాతకు షూటింగ్ ఖర్చు మిగులుతుంది. ఆ మిగులును చెల్లించేది ఆ పేరు పెట్టుకున్నవాళ్లూ, ఆ యాస మాట్లాడేవాళ్లూ.

తెలుగు సినిమా ఈ చెల్లింపును ప్రాంతాలకు వంతులు వేసి మరీ పంచింది. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో తెలంగాణ యాస దుర్మార్గపు రాజకీయ నాయకుడి నోట్లో పడింది. ఆ పాత్రలో చెలరేగిపోయిన కోట శ్రీనివాసరావుది కృష్ణా జిల్లా కంకిపాడు. 1989లో 'శివ' సైకిల్ చైనును ఆయుధాల జాబితాలో చేర్చింది. రామ్‌గోపాల్ వర్మ బెజవాడ కాలేజీ రోజుల్లో చూసిన రౌడీయిజమే దానికి ముడిసరుకు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక కొన్నేళ్లు వంతు రాయలసీమది. అక్కడ మంచినీళ్లకన్నా నాటుబాంబులు సులువుగా దొరుకుతాయని కోస్తాలో ఒక తరం పిల్లలు నిజంగానే నమ్మారు. వంతులన్నీ తిరిగొచ్చాక విలన్‌ను బొంబాయి నుంచి దింపుకోవడం అలవాటైంది.

'పోకిరి'లో బరువంతా ఆలీభాయ్ మీద పడింది. దుబాయ్‌లో కూర్చుని హైదరాబాద్ దందాను నడిపే ఈ డాన్‌గా ప్రకాశ్‌రాజ్ వేసిన తీరులో హాస్యం ఉంది, నటుడి తెలివి ఉంది. పోలీసులకు చిక్కాక అతనికి పడే శిక్ష నిద్ర పోనివ్వకపోవడం. అర్ధరాత్రి దాకా ఇండియా టీమ్‌తో కాల్స్‌లో ఉండి పొద్దున్నే రైలందుకునే ప్లెయిన్స్‌బరో ఉద్యోగికి ఇందులో శిక్ష ఏముందో చప్పున బోధపడదు.

ఆలీభాయ్ మతం గురించి ఎవరైనా గొణిగితే అభిమానులు వెంటనే కమిషనర్ సయ్యద్ మహమ్మద్ పాషా ఖాద్రిని ముందుకు తోస్తారు. షాయాజీ షిండే వేసిన ఆ పాత్ర నిజాయితీకి మారుపేరే, కాదనడానికి లేదు. అయితే లెక్క చూస్తే తేలేదేమిటంటే, ఈ సినిమా హైదరాబాద్‌లో ముస్లిం అన్నవాడికి తుపాకీ పట్టడం ఒక్కటే వృత్తి. దానికి లైసెన్సు ఉందా లేదా అన్నదే తేడా. ఇరానీ హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దమనిషి, లెక్కలు చెప్పే మాస్టారు, సిటీ బస్సు కోసం ఎండలో నిలబడ్డ గుమాస్తా... కులీ కుతుబ్‌షా కట్టించిన నగరంలో వీళ్లెవరూ కథకు పనికి రాలేదు. ప్రభుదేవా దర్శకత్వంలో ఇదే కథ 2007లో తమిళానికి, 2009లో 'వాంటెడ్' పేరుతో హిందీకి వెళ్లింది. రెండుచోట్లా డాన్ ప్రకాశ్‌రాజే. హిందీలో ఆలీభాయ్ కాస్తా గనీభాయ్ అయ్యాడు. మార్పు అంతటితో సరి.

నాయిక శ్రుతి ఏరోబిక్స్ నేర్పుతుంది. ఆ ఉద్యోగం కథకు ఎందుకో ఎవరికీ తెలియదు, కెమెరాకు ఎందుకో అందరికీ తెలుసు.

ప్లెయిన్స్‌బరోకు అసలు పరీక్ష బ్రహ్మానందం తెర మీదికి రాగానే మొదలవుతుంది. అతను సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. శ్రుతిని పెళ్లాడాలని ఉబలాటపడతాడు. బిచ్చగాళ్ల నాయకుడిగా వేసిన నటుడు ఆలీతో పెట్టుకుని వీధినపడతాడు. జీతం రాళ్లు నిజాయితీగా సంపాదించుకునే మనిషే వెర్రివెంగళప్ప! శుక్రవారం రాత్రి అపార్టుమెంటు హాల్లో ఈ ఘట్టం వచ్చినప్పుడు మామగారు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ పక్కకు చూస్తారు. అల్లుడి ఒళ్లో లాప్‌టాప్, అందులో ఇంకా మూయని ప్రొడక్షన్ ఇష్యూ. ఆలీభాయ్ దగ్గర "సినిమాను సినిమాగా చూడాలండీ మామయ్యగారూ" అన్న అల్లుడు ఇక్కడ మాత్రం "మరీ అతి చేశారు" అంటాడు. మూస గురించి ఇంతకన్నా సూక్ష్మమైన విమర్శ పత్రికల్లో కూడా దొరకదు. తమిళులు దయ తలచి ఈ పాత్రను వడివేలు చేత కుంగ్‌ఫూ మాస్టారు బాడీ సోడాగా చేయించారు. హిందీలో కనికరం లేదు: మనోజ్ పాహ్వా వేసిన పాత్ర పేరే సోనూ గేట్స్.

తెర ఒక ఊరిని ఏం చేస్తుందో నిజానికి ప్లెయిన్స్‌బరోకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఊరి ప్రముఖుల్లో మొదటిది ఒక ఆవు. బోర్డెన్ పాల కంపెనీ ప్రకటనల్లోని ఎల్సీగా 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో వెలిగిన ఆవు అక్కడి వాకర్-గోర్డన్ పాడి క్షేత్రానిదే. రెండో ప్రముఖుడు లేనే లేని మనిషి, టీవీ సీరియల్ 'హౌస్'లోని డాక్టర్. కుంటుతూ, మాత్రలు మింగుతూ, రోగిని తిడుతూ 2004 నుంచి 2012 దాకా అతను పనిచేసిన ప్రిన్స్‌టన్-ప్లెయిన్స్‌బరో టీచింగ్ హాస్పిటల్ పచ్చి కల్పన. పైనుంచి ఆసుపత్రిగా చూపించింది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల భవనాన్ని. ఆ సీరియల్ ముగిసిన 2012 మే నెలలోనే ప్లెయిన్స్‌బరోలో నిజం ఆసుపత్రి తలుపులు తెరిచింది. అక్కడి డాక్టర్లు రోగులతో మర్యాదగా మాట్లాడితే కొత్తవాళ్లకు కాస్త నిరాశ కలగడం సహజమే.

ప్లెయిన్స్‌బరోలో పుట్టిన తెలుగు పిల్లలకు హైదరాబాద్ కూడా సీరియల్లోని ఆ కల్పిత ఆసుపత్రి లాంటిదే. శంషాబాద్‌లో దిగిన పదేళ్లవాడు ట్రాలీ తోసుకుంటూ నల్లకళ్లద్దాల వాళ్ల కోసం చుట్టూ చూస్తాడు. తాతయ్య తెచ్చిన క్యాబ్‌ను ఏ సుమో వెంబడించదు. డ్రైవర్ పేరు ఆలీ. దారి పొడుగునా అతను తిట్టేది ట్రాఫిక్‌ను, మాట్లాడేది కూతురి ఎంసెట్ ర్యాంకు గురించి. సెలవులు ముగిసేదాకా పిల్లవాడికి ఒక్క గొడ్డలి గానీ, ఒక్క సైకిల్ చైను గానీ కనిపించదు.

'పోకిరి' గట్టిగా అల్లిన సినిమా. మార్తాండ్ కె. వెంకటేశ్ కూర్పు, మణిశర్మ సంగీతం, చివరి మలుపు నేటికీ పనిచేస్తున్నాయి. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు మళ్లీ హాళ్లకు తెస్తే కుర్రకారు విరగబడ్డారు. ఇంత చేతనైనవాళ్లకు విలన్‌ను నమ్మించడానికి అరువు మూస అవసరం లేదు; అందుకే ఆ సోమరితనాన్ని క్షమించడం కష్టం.

కాబట్టి రచయితలకు ఒక మనవి. వచ్చే సినిమాలో దుబాయ్ నుంచి దిగే డాన్‌కు ఒక్కసారి సుబ్బారావు అని పేరు పెట్టి చూడండి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరును ఒక్క రీలు పాటైనా బుర్రున్న మనిషిగా తిరగనివ్వండి. భయపడకండి, ప్లెయిన్స్‌బరోలో టికెట్లు ఎలాగూ తెగుతాయి.