ఆకులో సలాడ్ ఎక్కడ వడ్డించాలి?

దసరా అంటే కర్నూలు ఇళ్లలో ఓళిగలు, చిత్రాన్నం, ఎర్రగా కాలిన మినప వడలు. వీటి మీద ఇంతవరకు ఎవరికీ ఫిర్యాదు లేదు. ఈ మధ్య మాత్రం బెంగళూరు నుంచి దిగే కొడుకులూ కోడళ్లూ పండగ రాత్రి భోజనంలో 'ఫ్రెష్ వెజిటబుల్ సలాడ్' ఉండి తీరాలని తీర్మానం చేసేశారు. ఏడాది పొడుగునా ఫోన్లో ఆర్డరిచ్చి తిన్న బిర్యానీల పాపం, నేతిలో మునిగిన ఓళిగ పక్కన నాలుగు పచ్చి ఆకులు నమిలితే పోతుందని వాళ్ల లెక్క. గంగాస్నానం కన్నా చవక అనుకుంటారేమో, కాదు. గంగలో దిగడానికి ఎవరూ డబ్బాకు ఎనభై రూపాయలు పుచ్చుకోరు.

ఆ డబ్బాలో ఉండేవి చెర్రీ టమోటాలు. గోలీకాయలంత ఉంటాయి. వాటితో పాటు లెట్యూస్, బ్రోకలీ, ఊదారంగు క్యాబేజీ, సీసాలో ఆలివ్ నూనె. ఇవన్నీ ఏసీ కారులో 44వ నంబరు జాతీయ రహదారి మీద మూడున్నర వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి కర్నూలు చేరతాయి. అప్పటికి వాటి పేరు 'ఫ్రెష్'. గుత్తి దాటాక ఆ దారిలోనే ప్యాపిలి వస్తుంది. ప్యాపిలి, ఆ పక్కన పత్తికొండ టమోటా మార్కెట్లని తెలియని వ్యాపారి ఉండడు. ధర పడిపోయిన ఏడు అక్కడ కిలోకు రూపాయి దక్కడం కూడా గగనం. కోత కూలీ, బండి బాడుగ చేతి నుంచి పెట్టుకొని మార్కెట్టుకు తేవడం ఎందుకని రైతులు గంపలు రోడ్డు వారన గుమ్మరించి పోతారు. తెల్లారి కోసిన కాయ అది. కారు దిగి, ఆ ఎర్రటి కుప్ప ముందు నిలబడి ఫొటో తీసుకొని, 'పూర్ ఫార్మర్స్' అని రాసి, కన్నీటి బొమ్మ ఒకటి తగిలించి, మళ్లీ ఏసీలోకి ఎక్కుతారు మనవాళ్లు. వెనక సీట్లో చెర్రీ టమోటాలు చల్లగా ఉంటాయి.

టమోటాకు మధ్యరకం బతుకు తెలియదు. 2023 జూలైలో ధర నూరు దాటి ఎగిరినప్పుడు ఉత్తరాదిన మెక్‌డొనాల్డ్స్ వాళ్లు టమోటా లేకుండానే బర్గర్లు ఇచ్చారు. మన ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50కి అమ్మితే జనం వరసలు కట్టారు. ఆ వరసల ఫొటోలూ వచ్చాయి, ఈ కుప్పల ఫొటోలూ వస్తాయి. పత్తికొండలో టమోటా గుజ్జు తీసే ఫ్యాక్టరీ మాట మాత్రం ప్రతి ఎన్నికల సభలోనూ తాజాగానే ఉంటుంది. సలాడ్‌లో వేసుకోదగ్గ తాజాదనం.

సలాడ్‌కు ఉల్లి కావాలి. ఉల్లికి కర్నూలును మించిన ఊరేది? 2025 సెప్టెంబరులో ఇక్కడి మార్కెట్ యార్డులో ఉల్లి ఎంత తాజాగా, ఎంత కుప్పలుగా ఉందంటే కొనేవాడు లేక ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొంటానని దిగింది. తర్వాత హెక్టారుకు 50 వేల సాయం అని ప్రకటించింది. మైదుకూరు వైపు పండే కేపీ ఉల్లి, అంటే కృష్ణాపురం ఉల్లి, కథ వేరు. గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ అని మన వంటిళ్లు దాన్ని ముట్టవు. కారం దోశె మీద ఎర్రకారం పూసుకొని పొద్దున్నే తినే కడప జిల్లాలో ఘాటెక్కువని పక్కన పెట్టిన సరుకు ఇదొక్కటే అయ్యుంటుంది. సింగపూర్, మలేసియా వాళ్లు మాత్రం లొట్టలేసుకొని తింటారు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతులను ఆపేసినప్పుడు, ఇంట్లో తినేవాడు లేని ఈ పంటకు అక్టోబరులో మినహాయింపు ఇవ్వక తప్పలేదు. పది వేల టన్నులు, అదీ చెన్నై రేవు నుంచే, అదీ కడప ఉద్యానశాఖ అధికారి ధ్రువపత్రంతో. ధ్రువపత్రం చేతబట్టుకొని ఓడెక్కిన ఉల్లిగడ్డ మన ఆకులోకి వచ్చి కూర్చుంటుందా?

ఇక తయారీ. లెట్యూస్‌ను నాలుగు నీళ్లలో కడగాలట. కొళాయి రోజు మార్చి రోజు వచ్చే వీధిలో ఈ మాట అన్న కోడలి ధైర్యం మెచ్చుకోవాలి. మా వీధిలో ఒక ఇంట నాలుగో గిన్నె నీళ్లు వంచబోతుండగా జేజి చెయ్యి పట్టుకొని ఆపింది. ఆ గిన్నె కరివేపాకు చెట్టు మొదట్లో ఒంచి వచ్చి, "ఈ ఆకులు మేకలకు గదా నాయనా ఏసేది, మేకలు కడిగి తింటాయా?" అనడిగింది. తర్వాత ఎవరూ అడక్కుండానే తన పని మొదలుపెట్టింది.

నానిన పెసరపప్పు వార్చింది. కీరదోస కొన కోసి నాలుకకు తాకించి చేదు లేదని చూసుకొని, సన్నంగా తరిగింది. పచ్చిమిరప, కొత్తిమీర, కొబ్బరి తురుము వేసింది. బుడ్డల నూనెలో ఆవాలు చిటపటమన్నాక ఇంగువ. నిమ్మకాయ, ఉప్పు మాత్రం పక్కనే పెట్టుకొని కూర్చుంది. "ముందే ఉప్పేస్తే నీళ్లు కారుతాది. ఆకేసినాక ఏయాల" అంది. ఉప్పు ఆఖరునే పడుతుంది కాబట్టి ఈ కోసంబరి చివరి దాకా పొడిగానే ఉంటుంది. నీటిబొట్టును వదలని సీమలో తిండికి కూడా ఆ బుద్ధి ఉంది. శ్రీరామనవమికి పందిళ్లలో పానకంతో పాటు పంచే వడపప్పుకు ఇది పెద్దక్క.

కోడలి గిన్నెలో గంట ముందే ఉప్పు పడింది. ఆలివ్ నూనె పడింది. వడ్డన వేళకు లెట్యూస్ వాడి, అడుగున మడుగు కట్టింది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. విస్తట్లో ఓళిగ చోటు ఓళిగది, పప్పు చోటు పప్పుది, ఊరగాయ మూల ఊరగాయది. దీన్ని ఎక్కడ పెట్టాలి? "అన్నంలో కలుపుకొనేదా, నంజుకొనేదా?" అని అడిగారు మామగారు. "ఉత్తదే తినాలి మామయ్యా." ఆయన తల ఊపి, పప్పులో కలుపుకొన్నారు. మడుగు పారుతూ పోయి ఓళిగను తాకగానే పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. జేజి కోసంబరి రెండో మారు వడ్డనకు మిగల్లేదు. కోడలు ఆ కోసంబరి గిన్నె అడుగు ఫొటో తీసి 'హై ప్రోటీన్' అని పెట్టింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో కారు రోడ్డు పక్కన ఉల్లి సంచుల దగ్గర ఆగింది. చెర్రీ టమోటాల డబ్బాకు మారు మాట్లాడకుండా ఎనభై ఇచ్చిన కొడుకు ఇక్కడ కిలోకు రెండు రూపాయలు తగ్గించమని పావుగంట బేరమాడాడు. రైతు విని విని, "ఉల్లిగడ్డకు నీకు తోచింది ఇయ్యన్నా. సంచికి మాత్రం రూపాయి తగ్గదు. అది మేం కొనుక్కొచ్చింది" అన్నాడు.