కోరలున్న అల్లుడు

వయసుకు తగ్గ పుస్తకాలు చదువుకోమని నాకు హితం చెప్పేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళ లెక్కలో నా వయసుకు తగ్గవంటే భగవద్గీత, షుగరు ఉన్నవాళ్ళ వంటలు, కాశీయాత్ర గైడు. నా తలగడ కింద దొరికేవి వేరు. నల్లటి అట్ట, దాని మీద రెండు అరచేతుల్లో ఎర్రటి యాపిలు పండు. లేదంటే పొగమంచులో పాడుబడిన బంగళా, దాని ముందు జుట్టు విరబోసుకున్న పిల్ల. లోపల కథ మాత్రం ఒకటే. పదిహేడేళ్ళ అమ్మాయి కొత్త ఊరికొస్తుంది. కాలేజీలో ఎవరితోనూ కలవని అందగాడొకడుంటాడు. వాడు మనిషి కాదని మనకు అట్ట చూడగానే తెలుస్తుంది, ఆ పిల్లకు మాత్రం సగం పుస్తకం అయితే గానీ తెలియదు. తెలిశాక కాళ్ళకు బుద్ధి చెప్పాలి కదా? చెప్పదు. అక్కడి నుంచి నేను పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోతాను.

"జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన దానివి. గుండె కొట్టుకోనోడు ఎట్ల నడుస్తాడే?" అంటాడు మా ఆయన. ఆయన ఫిజిక్సు మాస్టరుగా చేశాడు. ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఆయన ఎదురుగా టీవీలో హీరో తొడ కొడితే రైలు వెనక్కి పోతుంటుంది.

ఈ రుచి నాకు ఇంగ్లీషు పుస్తకాల వల్ల అంటలేదు. పుట్టిల్లు కర్నూలు. మా వీధి చివర అద్దె పుస్తకాల అంగడి ఉండేది. అప్పట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్‌గా వచ్చి రాష్ట్రమంతా రాత్రిపూట పెరట్లోకి పోవాలంటే తోడు వెతుక్కునేలా చేసింది. తులసి అనే చిన్నపిల్ల, ఆస్తి కోసం ఆ పిల్ల మీద ప్రయోగించిన కాష్మోరా. మా జేజికి చదువు రాదు. మాతో చదివించుకుని, విన్నంతసేపు విని, "ఆ పుస్తకం ఇంట్లో పెట్టొద్దు, బయట పెట్టండి" అనేది. తెల్లారాక "తర్వాతేమాయె?" అని అడిగేదీ ఆమే. ఆ నవల మీద రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని విరుచుకుపడితే అంగడాయన ఆ పుస్తకాన్ని, తులసిదళాన్ని పక్కపక్కనే పెట్టి రెండూ అద్దెకిచ్చాడు. మేము రెండూ తెచ్చుకుని ఒకే ఉత్సాహంతో చదివాం. ఆయనకు గానీ మాకు గానీ ఏ సిద్ధాంత బాధా లేదు.

అద్దెకు డబ్బుల్లేనప్పుడు మా పెద్దమ్మ కుట్టిన పుస్తకాలుండేవి. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో రంధ్రాలు పొడిచి, పురికొసతో కుట్టి, పాత కాలెండరు అట్ట వేసేది. చింపిన పేజీ వెనక ఏముంటే అదీ కథలో కలిసిపోయేది. హీరోయిను చీకట్లో మేడమెట్లు ఎక్కుతుంటుంది, పేజీ తిప్పితే సగం తలనూనె ప్రకటన, సగం గోంగూర పచ్చడి. ఒక నవలలో ఒక వారం సంచిక దొరకలేదు. దానితో ఆ పిల్ల ఒక పేజీలో శ్మశానం గేటు తోసి కెవ్వున అరుస్తుంది, తర్వాతి పేజీలో పెళ్ళిపీటల మీద సిగ్గుపడుతుంటుంది. మధ్యలో జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పెళ్ళయిన కొత్తల్లో ఇదేదో సహజమే అనిపించింది.

అయితే ఆ రోజుల్లో సరుకు విడివిడిగా దొరికేది. ప్రేమకు యద్దనపూడి సులోచనారాణి, దయ్యానికి యండమూరి. ఆమె హీరో ఆరడుగులవాడు, కారుంటుంది, బంగళా ఉంటుంది, ఎవరినీ లెక్కచేయడు, హీరోయిన్ను మాత్రం కళ్ళతో కాపలా కాస్తుంటాడు. ఈయన హీరో నిమ్మకాయలూ పుర్రెలూ ఉన్న చోట తిరుగుతుంటాడు. రెండూ ఒకే పుస్తకంలో కావాలంటే మనమే ఒక పేజీ ఇక్కడ, ఒక పేజీ అక్కడ చదువుకోవాలి. 2005లో స్టెఫెనీ మేయర్ అనే అమెరికా ఆవిడ 'ట్వైలైట్' రాసి ఆ శ్రమ తప్పించింది. నా మేనకోడలు ఇంటర్ సెలవులకు కర్నూలు నుంచి ఆ పుస్తకం పట్టుకొచ్చి, "అత్తా, ఇది నీకర్థం కాదులే" అంది. రెండు అధ్యాయాలు చదివాక నాకు ఆనవాలు దొరికింది. ఆరడుగుల పైనున్నాడు, వెండి రంగు కారుంది, పియానో వాయిస్తాడు, ముభావం. వీడు మన యద్దనపూడి హీరోనే, కోరలు కట్టించుకుని వచ్చాడు.

వాడి పేరు ఎడ్వర్డ్. పుట్టింది 1901లో. 1918లో లోకమంతా విషజ్వరం వచ్చినప్పుడు చావబోతుంటే రక్తపిశాచిని చేసి బతికించారు. అప్పటి నుంచి పదిహేడేళ్ళ దగ్గరే ఆగిపోయి, ఊళ్ళు మారుస్తూ, చదివిన క్లాసే మళ్ళీ చదువుతుంటాడు. మా దగ్గర దీన్ని సప్లిమెంటరీ అంటారు, పిల్లనెవరూ ఇవ్వరు.

కథ జరిగేది అమెరికాలో ఫోర్క్స్ అనే ఊళ్ళో. ఆవిడ ఆ ఊరిని ఎంచుకున్నది వానల కోసం. ఆ దేశంలో అంత ఎక్కువగా వానలు పడే ఊళ్ళు అరుదు, ఎప్పుడూ మబ్బే. మబ్బెందుకంటే ఆమె రక్తపిశాచులు ఎండలోకొస్తే కాలిపోరు, ఒళ్ళంతా వజ్రాల్లా తళతళలాడి దొరికిపోతారు. మబ్బుంటే కాలేజీ, ఎండ కాస్తే సెలవు. ఇక్కడ నాకు పుస్తకం మూసి ఆలోచించాల్సి వచ్చింది. వీడు మా కడపకు వస్తే?

మార్చిలో మొదలయ్యే ఎండ మేలో నలభైమూడు, నలభైనాలుగు డిగ్రీలు తాకుతుంది. ఎప్పుడో అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే నాలుగు రోజులు మబ్బు. వాడి హాజరు ఆ నాలుగు రోజులే. ప్రిన్సిపాలు పరీక్షకు కూర్చోనివ్వడు. పోనీ కర్నూలు వైపు పోతాడా, అది ఇంకా ప్రమాదం. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం కుటుంబాలతో దిగి, తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు. చిన్న రాయి మెరిస్తేనే గుండె ఆగిపోయే మనుషులకు ఆరడుగుల మెరుపు ఎదురైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి వ్యాపారులు వచ్చి బేరం మొదలుపెడతారు. ముక్కలుగానా, మొత్తంగానా అని.

అన్నిటికంటే ఆ పుస్తకంలో పిల్లలకు నచ్చే ఘట్టం, నాకూ నచ్చిందనుకోండి, రాత్రి కిటికీలో నుంచి వచ్చి ఆ పిల్ల బెల్లా నిద్రపోతుంటే తెల్లవార్లూ చూస్తూ కూర్చోవడం. మా ఊళ్ళో ఎండాకాలం ఎవరూ గదిలో పడుకోరు. మిద్దె మీద నీళ్ళు చల్లి, చాపలు పరిచి, జేజి మొదలుకొని చంటిపిల్ల దాకా వరసగా పడుకుంటారు. పక్కింటివాళ్ళ మిద్దె, వాళ్ళ పక్కింటివాళ్ళ మిద్దె కలిసే ఉంటాయి. వాడు చప్పుడు లేకుండా దూకుతాడు. దూకి చూస్తే దుప్పట్లు కప్పుకున్న శాల్తీలు పాతిక. ఏది బెల్లా, ఏది పెద్దమ్మ? గురకలను బట్టి పోల్చుకోవాలి. ఇంతలో నిద్రపట్టని జేజి లేచి కూర్చుంటుంది.

"ఎవురప్పా నువ్వు? ఎవురి పిల్లోడివి?"

"ఎడ్వర్డ్."

"మేరీ టీచరమ్మ కొడుకువా? ఇంత తెల్లగ పాలిపోయినావేంది నాయనా, కామెర్లేమన్నానా? అన్నం తింటివా?"

తినలేదంటే ఇంక వదలదు. సంగటి ముద్ద, శెనిక్కాయల చట్నీ, మిగిలిన నాటుకోడి పులుసు మిద్దె మీదికొస్తాయి. వద్దంటే తెల్లారి ఉగ్గాని, బజ్జీ తిని పోవాలంటుంది. కడప కారం దోశ పెట్టారంటే నూరేళ్ళ నాడు ఆగిన గుండె కూడా రెండుసార్లు కొట్టుకోవచ్చు, జువాలజీ దానికి ఒప్పుకుంటుంది. వాళ్ళ కుటుంబం మనుషుల జోలికి పోకుండా జంతువుల రక్తంతోనే సరిపెట్టుకుంటుంది, తమను శాకాహారులమని కూడా చెప్పుకుంటుంది. ఆ పప్పులు ఇక్కడ ఉడకవు. ఆదివారం పొద్దున్నే పొట్టేలు రక్తానికి టిఫిను డబ్బా పట్టుకుని కొట్టు ముందు నిలబడే వాళ్ళలో వాడు వెనకాల ఎక్కడో ఉంటాడు. ముందున్న చిన్నాయన, "ఉల్లిగడ్డ బాగా ఎయ్యల్ల అబ్బీ, పచ్చిది తాగితే కడుపు చెడుతది" అని ఒక సలహా కూడా ఇస్తాడు.

నిజానికి రక్తపిశాచులు కడప రైలెక్కితే ఎక్కేది తెలుగు సినిమా చూసే. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన దగ్గర్నుంచి సీమ అంటే నెత్తురు కాలవలని హైదరాబాదు వాళ్ళు ఖాయం చేశారు. పాపం ఆ మాట నమ్మి దిగినవాడికి స్టేషను బయట కనిపించేది ఆటోవాళ్ళ బేరాలు, సోడా బండి. ఇక్కడ కాలవంటే కె.సి. కెనాలు ఒక్కటే, అందులోనూ నీళ్ళెప్పుడు వదులుతారా అని రైతులే ఎదురుచూస్తుంటారు.

ఇన్ని చెప్పి కూడా ఒక్క విషయంలో నేను ఆ పిల్ల పక్షమే. వాడి ఒళ్ళు మంచుగడ్డలా ఉంటుందట. ఫోర్క్స్‌లో అది లోపం, పిల్ల దుప్పటి చుట్టుకోవాల్సి వస్తుంది. కడపలో అది ఆస్తి. కూలరులో నీళ్ళు పోసే పని లేదు. కరెంటు పోతే వాడు అటు తిరిగి పడుకోకుండా చూసుకుంటే చాలు. ఈ ఒక్క గుణం సంబంధాల పేరయ్యకు చెబితే జాతకం, నూరేళ్ళు దాటిన వయసు, కోరలు, సప్లిమెంటరీ అన్నీ కొట్టుకుపోతాయి. ఈ మాట మా ఆయన దగ్గర అన్నాను. ఆయన మౌనంగా లేచి వెళ్ళి ఏసీ రిపేరువాడికి ఫోను చేశాడు.

మా కాలేజీలో తెలుగు చెప్పిన స్నేహితురాలికి ఈ నవలలంటే ఒళ్ళుమంట. "ప్రబంధాలు పుట్టిన నేల మీద ఈ చెత్తేంటి?" అంటుంది. ఆ పుట్టిన నేల సంగతే ఆమెకు గుర్తుచేయాల్సి వచ్చింది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాసి అంకితమిచ్చింది నంద్యాల ఏలిన కృష్ణమరాజుకు. మన సోనా బియ్యం నంద్యాలే. అందులో ఏముంది? మణికంధరుడనే గంధర్వుడు రంభ కోసం నలకూబరుడి రూపం వేసుకుంటాడు. కలభాషిణి అనే పిల్ల నలకూబరుడి కోసం రంభ రూపం వేసుకుంటుంది. ఇద్దరు రంభలు ఎదురుపడి నువ్వు దొంగంటే నువ్వు దొంగని జుట్లు పట్టుకునేదాకా వస్తారు. ఆకాశంలో సింహమెక్కి తిరిగే సిద్ధుడొకడు, పిల్లను ఎత్తుకుపోయి బలి ఇవ్వబోవడం. చివరికి ఇంకా పాలు మరవని పసిపాప నోరు తెరిచి పోయిన జన్మ కథ చెప్పడం. ఎవరు ఎవరో తేలాలంటే చివరిదాకా చదవాలి. దయ్యం, ప్రేమ, సస్పెన్సు మూడూ ఉన్నాయి. దక్షిణాసియాలో మొదటి నవల అనదగ్గది ఇదేనని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ వాదించి 2002లో ఇంగ్లీషులోకి కూడా తెచ్చారు. అదంతా చెప్పాక నా స్నేహితురాలు, "అది పద్యాల్లో ఉంది కదా" అంది. అంటే రంభలు ఇద్దరు కొట్టుకోవచ్చు, గణాలు తప్పకుండా కొట్టుకోవాలి.

పద్యాల దాకా పోనక్కర్లేదు, మా దేవుని కడపలో ఉగాది రోజున ముస్లిములు వచ్చి వేంకటేశ్వరుడికి మొక్కుతారు. విగ్రహాన్ని ప్రేమించిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపిల్ల, కాబట్టి స్వామి అల్లుడు. రాతిబొమ్మను ప్రేమించిన రాకుమారి కథ ఏ పిల్లల నవలకు తీసిపోతుంది? నా మేనకోడలు అది విని, "మరి తోడేళ్ళ సంగతి?" అంది. ట్వైలైట్‌లో జేకబ్ అనే రెండోవాడున్నాడు, కోపమొస్తే తోడేలవుతాడు. పిల్లలు ఎడ్వర్డ్ జట్టు, జేకబ్ జట్టు అని విడిపోయి కొట్లాడుకుంటారు. నేను ఇద్దర్నీ కాదని నరసింహస్వామి జట్టులో ఉన్నాను.

సగం మనిషి, సగం సింహం. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక కోపం దిగక నల్లమలలో తిరుగుతుంటే చెంచుపిల్ల కనబడింది, అంతే, చల్లబడ్డాడు. ఇంట్లో లక్ష్మీదేవికి ఏం చెప్పాడనేది వేరే సస్పెన్సు. చెంచులు ఊరికే ఇవ్వలేదు, చెట్టెక్కి తేనెపట్టు తీస్తావా, గడ్డలు తవ్వుతావా అని పరీక్ష పెట్టారంటారు. ఎడ్వర్డుకు ఆ పరీక్షే లేదు. ఈ కథ ఇక్కడ పుస్తకంలో మూసి పెట్టింది కూడా కాదు. ఏటా కనుమ నాడు అహోబిలం నుంచి పార్వేట బయలుదేరుతుంది. స్వామి పల్లకిలో చుట్టూ ముప్పైకి పైగా ఊళ్ళు నలభై రోజుల పైన తిరిగి, నా పెళ్ళికి రండని అత్తింటివాళ్ళను తానే పిలుస్తాడు.

ఈసారి మేనకోడల్ని తీసుకుని ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లెలో ఆ పల్లకి చూడటానికి వెళ్ళాను. జనంలో ముందుకు తోసుకుపోయి, విల్లు పట్టుకుని నిలబడ్డ చెంచు ముసలాయన పక్కన చోటు సంపాదించాం. పిల్ల ఊరుకోకుండా, "తాతా, మీవాళ్ళకు అప్పుడు భయం కాలేదా? ఆయనకు కోరలు, గోళ్ళు ఉంటాయి కదా, పిల్లనెట్లిచ్చినారు?" అని అడిగింది.

ఆయన పిల్ల వైపు, తర్వాత ఇట్లాంటి పిల్లను పెంచినందుకు నా వైపు చూశాడు.

"అడివిలో కాపురం చేసేటోనికి కోరలు లేకుంటే ఎట్ల పాపా?" అన్నాడు. "మా బావ సంగతి సరే గానీ, మీ అత్త చేతిలో ఆ నల్ల పుస్తకమేంది? పల్లకి కాడ గూడ చదవల్లనా?"