నేను సీఆర్‌పీని

నా పూర్తి పేరు సి-రియాక్టివ్ ప్రోటీన్. ఆస్పత్రుల్లో అందరూ సీఆర్‌పీ అంటారు. నా పుట్టిల్లు కాలేయం. ఒంట్లో సూక్ష్మజీవి చొరబడినా, ఎక్కడైనా వాపు మొదలైనా ఇంటర్‌ల్యూకిన్-6 అనే దూత కబురు మోసుకొస్తుంది. కాలేయం నన్ను రక్తంలోకి పంపుతుంది. లోకానికి నా సంగతి తెలిసింది 1930లో. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల సీరంలో నన్ను పట్టుకున్నారు.

ఒకప్పుడు నన్ను పసిగట్టడానికి ల్యాబుల్లో నల్లటి పలక మీద చుక్క సీరం, చుక్క లేటెక్స్ కలిపి అటూ ఇటూ ఊపేవారు. నేను ఎక్కువగా ఉంటే ఆ తెల్లని ద్రవం పాలు విరిగినట్టు పలుకులు పలుకులయ్యేది. ఇప్పుడు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో యంత్రమే చెబుతోంది. ఆరోగ్యవంతుల్లో మామూలుగా 5 లోపే ఉంటాను. బ్యాక్టీరియా గట్టిగా పట్టుకుంటే 100 దాటిపోతాను.

నా అవసరం బాగా తెలిసేది కీమో వార్డులో. అక్కడ రోగికి తెల్లకణాలు అడుగంటి ఉంటాయి. పుండున్నా చీము పట్టదు, నిమ్ము చేసినా ఎక్స్‌రేలో మచ్చ సరిగా పడదు. తెల్లకణాల లెక్కతో ఇన్ఫెక్షన్‌ను పసిగట్టే దారి మూసుకుపోతుంది. నేను పుట్టేది కాలేయంలో కాబట్టి అప్పుడూ పెరుగుతాను. కాకపోతే వెంటనే కాదు: ఆరేడు గంటలకు మొదలై, రెండు రోజులకు తారస్థాయికి చేరతాను. కారణం తొలగిపోతే సుమారు 19 గంటలకోసారి సగమవుతాను. అందుకే అనుభవమున్న డాక్టర్లు ఒక్క రిపోర్టుతో తేల్చేయరు. నిన్నటి అంకె పక్కన ఇవాళ్టిది పెట్టి చూస్తారు. యాంటీబయాటిక్ పడి మూడు రోజులైనా నేను దిగిరాకపోతే, మందు పనిచేయడం లేదా, ఫంగస్ ఏమైనా చేరిందా అని వెతుకుతారు.

నా నోరు నొక్కే మందులూ ఉన్నాయి. టోసిలిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-6 కబురునే అడ్డుకుంటుంది. అప్పుడు ఇన్ఫెక్షన్ ముదురుతున్నా నా అంకె తక్కువగానే కనబడవచ్చు. స్టెరాయిడ్లూ నన్ను కొంత తగ్గిస్తాయి. కాలేయమే చెడితే చెప్పనక్కర్లేదు. పైగా క్యాన్సర్ గడ్డ వల్లా, ఆపరేషన్ గాయం వల్లా కూడా పెరుగుతాను. ఏ క్రిమి వచ్చిందో నేను చెప్పలేను, దానికి బ్లడ్ కల్చర్ చేయాలి. బ్యాక్టీరియా సంగతిలో ప్రొకాల్సిటోనిన్ అనే మరో రక్తపరీక్ష నాకంటే కాస్త నిక్కచ్చి.

చివరగా ఓ మనవి. కీమో తీసుకుంటున్నవారికి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, నా రిపోర్టు వచ్చాక చూద్దాంలే అని ఇంట్లో కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నన్ను అక్కడ కొలుస్తారు.