శంకరం కొండ సీసపు కాసు

నేను సీసపు కాసుని. బంగారం కాదు, వెండి కాదు, కనీసం రాగి కూడా కాదు. సాతవాహనుల కాలంలో సంతలో ఉప్పుకీ పప్పుకీ చేతులు మారిన చిల్లరని. ఒంటి మీద గుర్రం బొమ్మ ఉంది. మా వంశంలోనే యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన కాసుల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కేది వాళ్ళే. దాచుకోవడం ఎందుకు, వాళ్ళని చూస్తే కుళ్ళు. ఓడ బొమ్మ లేకపోయినంత మాత్రాన సముద్రంతో నా చుట్టరికం తక్కువదేమీ కాదు.

నా ఒంట్లో ఉన్న సీసం సంగతే చూడండి. భారతదేశంలో రాగీ సీసమూ లేవని, రత్నాలూ ముత్యాలూ ఇచ్చి కొనుక్కుంటారని క్రీ.శ. 1వ శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి రాశాడు. పూర్తిగా నిజం కాదు, మన పల్నాడు అగ్నిగుండాలలోనే సీసం ఉంది. అయితే ఓడల్లో సీసం దిగిన మాట మాత్రం నిజమే. అదే శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం ‘పెరిప్లస్’లో, పడమటి తీరాన భరుకచ్ఛం రేవులో దిగే సరుకుల పట్టీలో ద్రాక్షసారా, రాగి, తగరంతో పాటు సీసమూ ఉంది. వాళ్ళు మసాలియా అని రాసుకున్న మన మచిలీపట్నం సీమలో సన్నని నూలుబట్టలు విరివిగా నేస్తారని కూడా అందులోనే ఉంది. ఏటా 5 కోట్ల సెస్టెర్సులు భారతదేశం లాగేసుకుంటోందని ప్లినీ గుండెలు బాదుకున్నాడు. రోము ఇల్లాళ్ళ సన్నబట్టల మోజు ఇక్కడి మగ్గాన్ని ఆడించిందన్నమాట!

తూర్పు వ్యాపారం ఇంకో రకం. నైరుతి గాలి పట్టుకుని బంగాళాఖాతం దాటాలి, గాలి ఈశాన్యానికి తిరిగాక ఇంటిముఖం పట్టాలి. ఈ మధ్యలో నెలల తరబడి పరాయి రేవులో పడిగాపులు. ఆ ఖాళీలోనే బేరాలతో పాటు దేవుళ్ళూ అక్షరాలూ ఒడ్డు మారాయి. బర్మాలో శ్రీక్షేత్రం అనే ప్యూ నగరంలో బంగారు రేకుల మీద చెక్కిన పాళీ సూత్రాలు దొరికాయి. ఆ లిపి మన దక్షిణాది లిపులకి దగ్గరిదే. సువర్ణభూమికి, అంటే ఆ తూర్పు దేశాలకి, వెళ్ళే ఓడలు తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటు ఈ తూర్పు తీరంలోనే ఉందని 2వ శతాబ్దంలో టాలమీ అనే భూగోళ శాస్త్రవేత్త గుర్తుపెట్టాడు.

అందుకే మా వైపు కొండ కనిపిస్తే చాలు, మీద బౌద్ధ విహారం ఉండేది. భీమిలి దగ్గర పావురాలకొండ, ఇవతల బావికొండ, తొట్లకొండ. తొట్లకొండలో నా తోటి సీసపు కాసుల పక్కనే రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. నేనున్నది అనకాపల్లి పక్కన శంకరంలో, బొజ్జన్నకొండ, లింగాలకొండల దగ్గర. బండని తొలిచిన గుహలు, ఆ బండలోనే మలిచిన స్తూపాలు. అంత రాయి చెక్కాలంటే కూలి ఎవరో ఇవ్వాలి కదా. బేరం కలిసొచ్చిన వర్తకుల దానాలే విహారాలకి పెద్ద అండ. కొన్నేళ్ళ క్రితం వరకూ కనుమ నాడు జనం వచ్చి ఇక్కడి బొమ్మని రాక్షసుడనుకుని రాళ్ళేసేవారు. బుద్ధుడి కొండకి ఎంత గతి!

మట్టిలో నాకు ఇరుగుపొరుగులూ ఉండేవారు. సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి, తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి కాసులు. ఆ గుప్తుడు దండెత్తి వచ్చి ఓడించిన రాజుల్లో దేవరాష్ట్రపు కుబేరుడు ఉన్నాడు. దేవరాష్ట్రమంటే మన యలమంచిలి ప్రాంతం. దండు వచ్చింది, గెలిచింది, పోయింది. ఆ పేర్లు రాతి స్తంభం మీద నిలిచాయి. ఏటేటా సముద్రం దాటిన సరంగుల పేర్లు మాత్రం దాదాపు మిగల్లేదు.

1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి తవ్వించడంతో మళ్ళీ వెలుగు చూశాను. అప్పటికి విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లలో మనవాళ్ళు రంగూన్‌కి, మన భాషలో రంగానికి, కట్టకట్టుకుని వెళ్తున్నారు. సరుకు ఈసారి మనుషులే. 1930 మే నెలలో అక్కడి రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ పనిలోకి బర్మావాళ్ళని దింపారు. సమ్మె తీరాక ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. రేగిన గొడవల్లో ఎక్కువగా చచ్చింది మన కూలీలే. 1942లో జపాన్ సేన వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు అడవులు పట్టి నడిచి వచ్చారు, వేలమంది దారిలోనే పోయారు. 1960లలో మిగిలినవాళ్ళలో చాలామంది తిరిగొస్తే విశాఖలో బర్మా క్యాంపు వెలిసింది.

ఇప్పుడు ఇదే తీరంలో పూడిమడక దగ్గర హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన అయింది. రాంబిల్లిలో నౌకాదళ స్థావరం వస్తోంది. వీటి శిలాఫలకాల మీద పేర్లకి లోటుండదు. నా బెంగ చిల్లర మనుషుల గురించే. మీ ఇంట్లో రంగం వెళ్ళొచ్చిన ముత్తాత కథ ఇంకా చెప్పగలిగే పెద్దవాళ్ళుంటే, ఆయన పేరు, ఎక్కిన రేవు, వెళ్ళిన ఏడు, తిరిగొచ్చిన దారి అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి.