నోటా నామినేషన్ తిరస్కరణ

అభ్యర్థి ఒక్కరే మిగిలినచోట కూడా పోలింగ్ జరిపి, ఓటరుకు ‘పైవారెవరూ కారు’ అనే నోటా మీట నొక్కే వీలు కల్పించాలన్న వ్యాజ్యంలో, చట్టరీత్యా నోటా అభ్యర్థి కాదని ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు విన్నవించింది. మాట శిరోధార్యమే, అయినా పరిశీలించకుండా తిరస్కరించడం న్యాయం కాదు గనుక, నోటా నామినేషన్‌ను ఒకసారి విప్పి చూడటం ఉచితం.

వయసు దగ్గరే చిక్కు ఎదురవుతుంది. లోక్‌సభకు పోటీచేయాలంటే 25 ఏళ్లు నిండాలి. 2013 సెప్టెంబరు 27 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో పుట్టిన నోటా 2038 దాకా ఆగక తప్పదు. అఫిడవిట్‌లో ఆస్తులు సున్నా, క్రిమినల్ కేసులు సున్నా. ఇటువంటివాడికి ఏ పార్టీ అయినా టికెట్ ఇస్తుందా? 2015లోనే కేటాయించిన ఎన్నికల గుర్తు మాత్రం ఉంది. అభ్యర్థి కానివాడికి గుర్తెందుకన్నది పరిశీలనాధికారి అడగరాని ప్రశ్న. గుర్తింపు పొందిన పార్టీ అండ లేనివారికి పదిమంది ప్రతిపాదకులు, అంటే పేరు సూచిస్తూ సంతకం చేసే ఓటర్లు, కావాలి. నోటా నొక్కేవారెవరో బయటపడకూడదనే ఆ తీర్పు వచ్చింది గనుక సంతకాలు పుట్టవు. ఇక ధరావతు: పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది గల్లంతే. 2024లో ఇండోర్‌లో 2,18,674 ఓట్లతో రెండో స్థానంలో నిలిచినా, నోటాకు పడినవి చెల్లిన ఓట్ల లెక్కలోకే రావు. నూటికి 99 మంది నోటా నొక్కినా మిగిలిన ఒక్కరి ఓటు పొందినవారే విజేత. స్థానిక ఎన్నికల్లో నోటాను కల్పిత అభ్యర్థిగా గుర్తించి, దానికే అత్యధిక ఓట్లు పడితే మళ్లీ పోలింగ్ జరపాలని 2018లో హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్ణయించింది గానీ, అది లోక్‌సభకు వర్తించదు. కనుక నామినేషన్ తిరస్కృతం.

అయితే 2024లో సూరత్‌లో తిరస్కృతులైనది ఓటర్లు. ప్రతిపాదకులే సంతకాలు తమవి కావనడంతో కాంగ్రెస్ అభ్యర్థి పత్రాలు చెల్లలేదు, మిగతావారు తప్పుకున్నారు; పోటీదారుల సంఖ్య సీట్ల సంఖ్యకు సమానమైతే పోలింగ్ అక్కర్లేదనే ప్రజాప్రాతినిధ్య చట్టం 53(2) సెక్షన్ ప్రకారం, ఒక్క ఓటూ పడకుండా ఏప్రిల్ 22న ఎంపీ వెలిశారు. 16 లక్షలకు పైగా ఓటర్లను అడిగినవారు లేరు. ఇటువంటివి అరుదని ఎన్నికల సంఘం అనడం సిగ్గుమాలిన సమాధానం; అరుదైతే ఆ ఒక్కచోట పోలింగ్ జరపడానికి వచ్చిన కష్టమేమిటి? అందుకు చట్టం మారాలంటోంది సంఘం. మార్చగల పార్లమెంటులో మెజారిటీ ఉన్న ప్రభుత్వం, మారుస్తామనడానికి బదులు అదే కోర్టులో ఆ వ్యాజ్యాన్ని వ్యతిరేకిస్తోంది.